ఏడు లేని వరుస

మా వైపు కళ్ళంలో రాగులు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆరు తర్వాత ఏడు అనరు, ఆరున్నొకటి అంటారు. గింజ ఇంటికి వచ్చే వేళ ఏడవమని ఎవరంటారు? ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు. నడక వచ్చినట్టే వస్తుంది.

మా ఊరు మైసూరు రాజ్యంలోది కాబట్టి నేను మండికల్లు బడిలో నాలుగో తరగతి దాకా కన్నడంలో చదివాను. అక్కడ ఆ అంకెను ఏళు అనేవాళ్ళం. కన్నడంలో ఏళు అంటే లేవమని కూడా అర్థం. బడిలో లెమ్మన్న అంకె ఇంటికి వస్తే ఏడవమనేది. చిన్నతనంలో దానికి నవ్వుకున్నాను. తారణ సంవత్సరం దాకా మళ్ళీ దాని గురించి ఆలోచించలేదు.

అప్పటికి యుద్ధం ముదిరి ఉంది. ప్రతి ఊరూ ఇంత రాగి అని సర్కారుకు లెవీ ఇవ్వాలి. ఆరుద్రలో వాన బాగా పడింది గానీ ఉత్తరలో ఆకాశం ఎండగట్టింది. పల్లపు చేలు బతికాయి, మెట్ట చేలు వెన్ను తీయకముందే వాడిపోయాయి. పంట సరిగా లేని ఊళ్ళకు ఆ సంవత్సరం లెవీ మాఫీ చేస్తామన్నారు. అయితే పంట లేదని మనం చెప్తే కుదరదు. వాళ్ళే వచ్చి కోసి తూచి చూస్తారు. ఊరికి మూడు చేలు, చేనుకు ఒక్క ముక్క. ముప్పై మూడు అడుగుల పొడవు, పదహారున్నర అడుగుల వెడల్పు. మూడు ముక్కల సగటు రెండున్నర సేర్లు దాటితే ఎకరాకు ముప్పై సేర్లు బండికెక్కించాలి. దాటకపోతే ఒక్క గింజా అక్కర్లేదు.

ముప్పై సేర్లంటే పెద్ద రైతుకు లెక్కలోకి రాదు. చౌడమ్మకు వస్తుంది. ఆమెకు మూడెకరాలు. మొగుడు లేడు. ముసలి అత్తా, ఇద్దరు ఆడపిల్లలూ. తొంభై సేర్లు పోతే ఆ ఇంట్లో నెలన్నర పొయ్యి మీద సంగటి కుండ ఎక్కదు.

పంట లెక్కలకు వచ్చిన గుమాస్తా పేరు భీమసేనరావు. చింతామణి మనిషి, పూజారుల ఇంటివాడు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మండికల్లులో, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు దిగేసరికి చొక్కా అంతా మసి. నేను బండి కట్టుకుపోయి తీసుకొచ్చాను. దారి పొడుగునా చేతిరుమాలులో చుట్టిన ఒక పుస్తకాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఆయన వెంట ఉండమని నన్ను పెట్టింది పటేలు ఆంజనేయప్ప. "గంగప్పా, నీకు రాయనొస్తాది. నోరు మెదపవు. నువ్వే సరి" అన్నాడు. మా ఊళ్ళో నాకున్న పేరదే. మాట తక్కువ కాబట్టి, అన్న మాటకు విలువ కట్టేవాళ్ళు.

మొదటిరోజు పొద్దున చావడిలో అందరూ పోగయ్యారు. భీమసేనరావు పుస్తకం తెరిచాడు. ముందు వరుసలో కూర్చున్న బయ్యప్ప మెడ సాచి చూశాడు. కళ్ళాల్లో కొలత వేసేది అతనే. ఊరికంతా నోరు కూడా అతనే.

"ఏముండాది సామీ దాంట్లో?"

"అంకెలు."

"అంకెలు సరే, ఏం అంకెలు? ఎవరివి?"

"ఎవరివీ కాదు. ఒట్టి అంకెలు. మొదలు నుంచి చివరిదాకా అంతే."

"కత లేదా?"

"కత ఉంటే ఈ పుస్తకం పనికిరాదు బయ్యప్పా."

అందరూ నవ్వారు. భీమసేనరావు కూడా నవ్వి, ఇట్లా చెప్పాడు. మీ ఊళ్ళో నూట ఎనభై ఆరు సర్వే నంబర్లున్నాయి. అన్నీ కోసి తూచలేం. మూడు ఏరాలి. నేను ఏరితే దారి పక్కన నీడ ఉండే చేను ఏరుతాను. పటేలప్ప ఏరితే ఎండిన చేను ఏరుతాడు. మనిషన్నాక ఇష్టం ఉంటుంది. ఈ పుస్తకానికి ఇష్టం లేదు. మూడేసి అంకెలు చదువుతా పోతాను. నూట ఎనభై ఆరు దాటితే కొట్టెయ్యాల. దానికి లోపల వస్తే ఆ నంబరు చేను. అందులో రాగి లేకుంటే మళ్ళీ ముందుకు పోవాల.

"చదువుతాను. రాసుకో గంగప్పా. నాలుగు, ఏడు, ఏడు."

చావడి అంతా ఒక్కసారి కదిలింది. ఆంజనేయప్ప మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"సామీ సామీ, నిలపండి!" బయ్యప్ప రెండు చేతులూ ఎత్తాడు. "చేన్లో పంట ఉండంగానే ఆ మాటేంది? ఆరున్నొకటి అనండి."

"మా అవ్వా అట్లే అంటాది" అన్నాడు భీమసేనరావు. "నాకూ అలవాటే. కానీ పుస్తకంలో ఉండేది ఉండేటట్లే చదవాల. ఒక్క అంకె నా ఇష్టానికి మార్చితే అది పుస్తకం కాదు, నేను."

అట్లా చదువుతూ పోయాడు. నేను రాస్తూ పోయాను. ఏడు వచ్చినప్పుడల్లా బయ్యప్ప గొంతులో "ఆరున్నొకటి" అని గొణిగేవాడు. తొంభై తొమ్మిది అంకెలు చదివేసరికి మూడు చేలు తేలాయి. మొదటిది పటేలుదే. "పుస్తకానికి మర్యాద తెలుసప్పా" అన్నారెవరో వెనక నుంచి. రెండోది బయ్యప్పది. మూడోది చౌడమ్మది.

పటేలు చేనికి నడిచిపోతుంటే నేను భీమసేనరావును అడిగాను. "ఆ అంకెలు ఎవరు రాసినారు సామీ?"

"రాయలేదు. దొరల సీమలో యాడో జనాభా లెక్కల పుస్తకాల్లోంచి ఏరి కలగలిపినారంట."

"కలిపింది మనిషేగదా."

"మనిషే. అయితే కలిపినాక పరీక్ష చేసినారు. ఏ అంకె ఎన్నిసార్లు వచ్చింది, ఒకదాని వెనక ఏది వచ్చింది, అంతా. ఏ క్రమమూ దొరకలేదు."

కొంత దూరం నడిచాక అడిగాను. "దొరకలేదంటే, లేదనా? కనపడలేదనా?"

ఆయన నిలబడ్డాడు. నన్ను చూశాడు. "గంగప్పా, నువ్వు ఇంకా చదువుకోవాల్సింది" అన్నాడు. 

చేనులో పని ఇట్లా ఉంటుంది. దిగువ మూల నుంచి పొడవుగా ఎన్ని అడుగులు వేయాలో రెండు అంకెలు చెప్తాయి. అక్కణ్ణుంచి అడ్డంగా ఎన్ని వేయాలో ఇంకో రెండు చెప్తాయి. చేను కొలతకు మించితే కొట్టేసి ముందుకు పోవాలి. ఆగినచోట మేకు, నాలుగు మూలలా తాడు. తాడు లోపల ఉన్నది కోసి, నలిపి, ఎండబెట్టి, తూచాలి. తాడు ఒక కొస ఎప్పుడూ నా చేతిలో ఉండేది.

పటేలు చేన్లో అంకెలు పల్లంలో దిగాయి. మూడు సేర్లు తూగింది. రెండోరోజు బయ్యప్ప చేన్లో ముప్పాతిక భాగం మోకాలెత్తు కూడా లేదు. అంకెలు మిగిలిన పాతిక భాగంలోకే పోయాయి. రెండుముప్పావు.

బయ్యప్ప తాడు వైపు చూస్తూ నిలబడ్డాడు. "కండ్లు లేవంటిరే సామీ ఈ పుస్తకానికి! నా చేన్లో బాగుండే తావు చూపించమంటే నాకే దొరకదు. దానికెట్ల దొరికె?"

"అట్ల తగలొచ్చు బయ్యప్పా. దానికి ఏం తెలీదు కాబట్టే తగల్తాది."

"తెలీనోళ్ళు కొడితే ఇంత సరీగా తగల్తాదా?"

నాకూ ఆ అనుమానం పట్టుకుంది. ఊళ్ళో ప్రతి చేనూ నాకు కంటిలెక్క. ఆ సంవత్సరం ఊరి సగటు రెండు సేర్లు దాటదు. ఇది నేను దేవుడి ముందు కూడా చెప్పగలను. పుస్తకం అబద్ధం చెప్పడం లేదు. అయినా అది చెప్తున్నది మా ఊరు కాదు.

"ఎన్నోసార్లు దించితే సరిపోతాదేమో, మాకు మూడుసార్లే గదా సామీ?" అన్నాను.

"ఊరికి మూడే." తాడు చుట్టుకుంటూ నా మొహం చూడకుండా అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు కూర్చుని, శుభ్రంగా రాసి ఇవ్వమన్న కాగితాన్ని ముందు పెట్టుకున్నాను. చింతపిక్కలు తెచ్చి, ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో కుప్పలు పోశాను. ఏడు పదమూడు సార్లు. సున్నా ఒకచోట మూడుసార్లు వరసగా. ఒకే అంకె వెంట అదే అంకె రావడం పదకొండు చోట్ల. ఏ కుప్పా ఇంకో కుప్పతో సమానంగా లేదు, అట్లాగని మరీ ఎక్కువ తక్కువా లేవు.

తర్వాత నేనే నా మనసుకు తోచిన అంకెలు రాసి చూశాను. మూడు, తొమ్మిది, రెండు, ఆరు... యాభై రాశాను. మళ్ళీ కుప్పలు పోశాను. ఏడు ఒక్కటే ఒక్కటి. ఒక అంకె వెంట అదే అంకె ఒక్కచోటా లేదు. కావాలని నాలుగు వెంట నాలుగు వేయబోతే చెయ్యి ఆగింది. ఇప్పుడే వేశానే అని చేతికి గుర్తు. పుస్తకానికి గుర్తు లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

"ఏంది మామా, పిక్కలతో మాట్లాడతాండావు?" నా భార్య అక్కయమ్మ చేట పట్టుకుని నిలబడింది. "మాతోనే మాట్లాడవు."

"పదిలోపల ఒక అంకె చెప్పు."

"ఎందుకు?"

"చెప్పు."

"మూడు."

"ఇంకోటి."

"తొమ్మిది. పిక్కలు అయిపోతే ఎత్తిపెట్టు, చారుకు చింతపండు నానబెట్టాల" అని లోపలికి పోయింది. నేను మొదట రాసిన రెండు అంకెలూ అవే. 

మూడోరోజు చౌడమ్మ చేను. ముక్క కొలత పోను పొడవు అరవై నాలుగు అడుగులు, వెడల్పు ఇరవై ఎనిమిది అడుగులు మిగిలే మడిలో ముక్క దించాలి. దిగువన కట్ట కింద తేమకు రాగి నడుమెత్తు నిలబడింది. పైన రాళ్ళు, వాటి సందుల్లో పసుపుపచ్చగా నాలుగు వెన్నులు. మధ్యలో అనుముల సాలు పూత మీద ఉంది. చౌడమ్మ గట్టు మీద కొడవలి పట్టుకుని నిలబడింది. మేము వచ్చినప్పటి నుంచీ కూర్చోలేదు.

మొదటి రెండూ కలిపితే అయిదుముప్పావు. ఇక్కడ సేరూ ముప్పావు దాటితే సగటు రెండున్నర గీత దాటుతుంది, లెవీ పడుతుంది. ఊళ్ళో ఆ లెక్క రానివాళ్ళు ఆ రోజు ఎవరూ లేరు.

"నేనేం అడగను సామీ" అంది చౌడమ్మ. "మీ పుస్తకం యాడ దిగమంటే ఆడ దిగండి. ఒక్క మాట మటుకు నా చేన్లో అనొద్దండి. పోయిన కోతల్లో ఆయప్ప ఈ గట్టు మీదే పడిపోయినాడు. ఈడ ఏడ్చింది చాలు."

భీమసేనరావు తల ఊపాడు. పుస్తకం తెరిచి, ఏ పుట, ఏ వరుస అని నాతో కాగితం మీద రాయించాడు. తర్వాత చాలాసేపు నోరు విప్పలేదు. అనుముల పూత మీద తేనెటీగల చప్పుడు వినపడేంతసేపు.

"ఎనిమిది, మూడు" అన్నాడు. కొట్టేశాను. "తొమ్మిది, రెండు." కొట్టేశాను. "ఆరు, ఐదు. ఎనిమిది, నాలుగు. ఐదు, ఒకటి." యాభై ఒకటి, పొడవు తేలింది. "తొమ్మిది, నాలుగు. మూడు, ఎనిమిది. ఆరు, సున్నా. నాలుగు, రెండు. ఎనిమిది, ఐదు. మూడు, ఒకటి. రెండు, ఆరు." ఇరవై ఆరు, వెడల్పు తేలింది.

చదివే మనిషి కన్ను వరస చివరికి పోయి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆయన కన్ను పుట మధ్యలో ఒకేచోట నిలిచి ఉంది. మొదటి రెండు రోజులూ గడగడా చదివిన మనిషి, ఇప్పుడు ప్రతి అంకెకూ ముందు చిన్న ఊపిరి తీసుకున్నాడు. నేను రాసిన ఇరవై నాలుగు అంకెలూ చూసుకున్నాను. ఒక అంకె వెంట అదే అంకె లేదు. ఏడు లేదు.

తాడు పట్టుకుని యాభై ఒక్క అడుగులు పైకి నడిచాను. రాళ్ళలోకి.

సేరుంబావు తూగింది. ఎండబెట్టిన గింజ పళ్ళెంలో పడుతుంటే పటేలు వేళ్ళు మడిచి కూడాడు. మూడూ కలిపి సరిగ్గా ఏడు సేర్లు. గీతకు అరసేరు తక్కువ.

"ఏడు!" బయ్యప్ప గట్టిగా అరిచి, నోరు మూసుకుని, మళ్ళీ తెరిచాడు. "పుట్టి బుద్ధెరిగినాక ఆ మాట విని నవ్వు రావడం ఇదే మొదలప్పా!"

చౌడమ్మ నవ్వలేదు. రెండు చేతులూ ఎత్తి భీమసేనరావుకు దండం పెట్టింది. ఆయన ఆ దండం చూడనట్టు తక్కెడ సర్దాడు.

ఆయన్ను మండికల్లు బస్సుకు దించడానికి బండి తోలింది నేనే. సగం దారి పోయాక అన్నాను. "ఏడు రాలేదు సామీ."

 బండి వాగు దాటింది.

"ఇరవై నాలుగు అంకెల్లో రాకపోవచ్చు గదా" అన్నాడు చివరికి.

"రాకపోవచ్చు. ఒకటి వెంట అదే గూడా రాలేదు."

 "చెల్లాచెదురుగానే అన్నాను గంగప్పా. పుస్తకం మాదిరే ఉండాలని జాగ్రత్తగా చెప్పినాను."

"జాగ్రత్తే కనపడింది సామీ."

ఆయన ఒళ్ళోని చేతిరుమాలు మూట విప్పి, పుట తెరిచి నాకు చూపించాడు. ఆ వరసలో మొదటి రెండు అంకెలూ ఏడులు. "ఆయమ్మ అట్ల అడిగె. నేను పుస్తకం తెరిస్తి. మొదట్లోనే రెండు ఏడ్లు. ఎట్లా చదివేది? ఆ రెండూ ఎగరగొడదాం, ఎట్లాగూ డెబ్భై ఏడు చేనుకు మించేదేగదా, కొట్టేసేదేగదా అనుకుంటి. అంతే అనుకుంటి. కన్ను ముందుకు పోయింది. ఒకటి, సున్నా. నాలుగు, నాలుగు. ఒకటి, మళ్ళీ ఏడు. పదో అడుగు, పదిహేడో అడుగు. దిగువన, కట్ట కింద. కనపడిపోయినాక ఇంక నోరు నా మాట వినలేదు. ఒక్క మాట దాటేద్దామని మొదలుపెట్టినాను. దాటినాక మళ్ళీ పుస్తకంలోకి దారి దొరకలేదు."

మండికల్లు దగ్గర పడుతుండగా, "నువ్వు ఎవరికీ చెప్పవు గదా?" అన్నాడు.

"నేను ఎప్పుడు ఎవరికి ఏం చెప్పినాను సామీ?"

కోతలు అయిపోయాయి. కట్టలు కళ్ళాలకు చేరాయి. మూడు వారాలకు చిక్కబళ్ళాపురం నుంచి భీమసేనరావుకు పై అధికారి వచ్చాడు. పేరు పురుషోత్తమయ్య. మైసూరు వైపు మనిషి, తెలుగు రాదు. ఆయన అన్నవన్నీ కన్నడంలోనే అన్నాడు, నేను తెలుగులో రాస్తున్నాను. కోపిష్టి కాదు. మంచినీళ్ళు అడిగి తాగి, చెంబు తానే పక్కన పెట్టాడు. నేను రాసిన కాగితాలు ఆయన చేతిలో ఉన్నాయి. చావడి నిండా జనం.

"ఈ అక్షరాలు ఎవరివి?"

లేచి నిలబడ్డాను.

"మొదటి కాగితంలో ఏడు పదమూడు సార్లుంది. మూడో చేను కాగితంలో ఒక్కసారి లేదు. పన్నెండు కాగితాలు చూస్తే ఒక కాగితం అట్లా ఉండొచ్చు. అందుకని అనుమానంతో రాలేదు, అడగడానికి వచ్చాను. అతను పుస్తకంలో చూసే చదివాడా?"

 చౌడమ్మ గుంజ పక్కన నిలబడి ఉంది. నాకు తెలియదు, నేను రాసేవాణ్ణి అంతే అని అనొచ్చు. ఊరంతా నా నోటి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించలేదు. కానీ ఏడు ఎందుకు లేదో ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగింది నేనొక్కణ్ణే అనిపించింది. నిజం చాలా దగ్గర్లో ఉంది. దాన్ని కొంచెం జరిపితే చాలనిపించింది.

"పుస్తకంలో చూసే చదివినారు సామీ" అన్నాను కన్నడంలో. "మా తెలుగులో ఆ అంకెకు ఏడవమని ఇంకో అర్థముంది. పంట దగ్గర ఆ మాట అనం. ఆ చేను ఆడమనిషిది. మొగుడు ఆ గట్టు మీదే పోయినాడు. ఆ మాట అనొద్దని ఆయమ్మ దండం పెట్టి అడిగింది. అందుకని సామి ఏడు వచ్చినచోటల్లా దాటేసి, తక్కినవి ఉన్నవి ఉన్నట్టే చదివినారు."

నా జన్మలో ఒక్క ఊపున అంత మాట్లాడింది అదే. పటేలు దాన్ని తెలుగులో చెప్పగానే చావడి చావడంతా తల ఊపింది. బయ్యప్ప "నిజం సామీ, మా ఊర్లో ఎవరినైనా అడగండి" అన్నాడు. అంతా నిజమే, చివరి మాట తప్ప.

పురుషోత్తమయ్య చిన్నగా నవ్వాడు. "అట్లానా? మా కన్నడంలో లెమ్మని." అని సంచిలోంచి పుస్తకం తీశాడు. "అయితే మంచిదే. ఏడులు తీసేసినా తక్కిన అంకెల్లో ఎవరి ఇష్టమూ లేదు. ఆ ముక్క చెల్లుతుంది." కాగితం మీద నేనే రాసిన పుట చూసుకుని తెరిచాడు. పెన్సిల్‌తో రెండు ఏడులు కొట్టేశాడు. "ఒకటి, సున్నా, నాలుగు, నాలుగు." తర్వాత నా కాగితం చూశాడు. ఎనిమిది, మూడు, తొమ్మిది, రెండు.

ఆయన పై వరస చూశాడు. కింది వరస చూశాడు. పుట తిప్పి చూశాడు. నా మాట నిజం కావాలనే వెతుకుతున్నాడని అర్థమైంది. ఎక్కడో ఒకచోట దొరికితే బాగుండునని ఆయనకూ ఉంది.

పుస్తకం మూశాడు.

"ఈ ముక్క కొట్టేస్తున్నాను. తక్కిన రెండింటి సగటే ఊరి సగటు. అది రెండున్నర దాటింది, లెవీ ఇవ్వాలి."

ఆంజనేయప్ప లేచాడు. "సామీ, ఆ రెండూ మంచి తావుల్లో పడినాయి. మా ఊర్లో ఏ చేనైనా చూడండి, రెండు సేర్లకు మించి తూగదు."

"నిజమే కావచ్చు పటేలరే. నా కంటికీ అట్లాగే ఉంది. అయితే నా కన్నూ లెక్కకు రాదు, మీ కన్నూ రాదు. ఒక ఊళ్ళో పుస్తకం ఎక్కువ చూపిస్తుంది, ఇంకో ఊళ్ళో తక్కువ చూపిస్తుంది. వెయ్యి ఊళ్ళ మీద సరిపోతుంది. మీ ఊరికని తగ్గిస్తే, అది ఇంకో ఊరి నెత్తిన పడుతుంది. ఆ ఊళ్ళోనూ ఒక గట్టు మీద ఒక మనిషి పోయి ఉంటాడు."

పటేలు ఆ మాటలు తెలుగులో చెప్పాడు. అంతదాకా నోరెత్తని చౌడమ్మ మాట్లాడింది.

"వెయ్యి ఊర్ల మీద మేము తినం సామీ. ఈ ఊర్లోనే తింటాం."

ఆయనకు తెలుగు రాదు. అయినా ఎవరినీ అర్థం అడగలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాడు. గడప దగ్గర నా ముందు ఒక్క క్షణం ఆగాడు. "నువ్వు ఏమీ చెప్పకపోయి ఉంటే, పన్నెండులో ఒకటి ఇట్లా ఉంటుందిలే అనుకుని ఇంకోసారి అడిగి వదిలేసేవాణ్ణేమో" అన్నాడు. "దాటేశాడు అన్నావు కాబట్టి సరిచూశాను."

అది నిజమో, నన్ను ఓదార్చడమో, శిక్షించడమో నాకిప్పటికీ తెలియదు. భీమసేనరావును పనిలోంచి తీసేశారని తర్వాత విన్నాం. చింతామణి సంతకు పోయినప్పుడు ఆయన ఇల్లుండే గుడి వీధి తప్పించి నడుస్తాను.

ఊళ్ళో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నా మాట అడగడం మానేశారు, అంతే. అక్కయమ్మ ఒక్కతే ఒకరోజు అంది. "మాట్లాడక మాట్లాడక మాట్లాడితివి మామా."

మార్గశిరం చివర్లో లెవీ బండ్లు వచ్చాయి. బయ్యప్ప కళ్ళం కళ్ళానికి తిరిగి కొలుస్తున్నాడు. చౌడమ్మ కళ్ళంలో రాశి చిన్నది. చీకటి పడక ముందే ముగించాలని సర్కారు మనిషి తొందరపెడుతున్నాడు. నేను గోనెసంచి మూతి పట్టుకున్నాను. ఇప్పుడు నా చేతికి తాడు కొసకు బదులు అది వచ్చింది.

"లాభం" అన్నాడు బయ్యప్ప. పది సేర్ల కొలగం సంచిలోకి వంపాడు. "రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు."

ఇంకోటి ముంచాడు. "ఆరున్నొక..."

"బయ్యప్పా" అంది చౌడమ్మ.  "పోయేది నా రాగి గదప్పా. దానికి లాభం యాడిది? నా ఇంటికొచ్చేటప్పుడు దాచిన మాట, పోయేటప్పుడు గూడా దాస్తావా? ఉండే మాట అను."

బయ్యప్ప కొలగం ఎత్తిపట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.  పిల్లలిద్దరూ అమ్మ కొంగు పట్టుకుని ఆ కొలగం వైపే చూస్తున్నారు. బయ్యప్ప నా వైపు చూశాడు. చౌడమ్మ కూడా చూసింది. ఆ చావడి రోజు తర్వాత ఆమె నా మొహం చూడడం అదే మొదలు.

సంచి మూతి ఇంకొంచెం వెడల్పు చేసి పట్టుకున్నాను.

"ఏడు" అన్నాను.

బయ్యప్ప వంపాడు. ఎనిమిదోది ముంచాడు.